‘నాతో నడవండి’ అన్నవాడి వెంట ఎవరు నడిచారు?

2018 నవంబరు 3న లక్ష్మణ్ మస్తూరియా కన్నుమూసేనాటికి ఛత్తీస్‌గఢ్ శాసనసభ ఎన్నికల ప్రచారం ముమ్మరంగా సాగుతోంది. రాష్ట్రావతరణ దినం ముగిసి రెండు రోజులే అయింది. తొలిదశ పోలింగుకు తొమ్మిది రోజుల గడువుంది. జెండా ఏ రంగుదైనా ప్రచార వాహనాల మైకుల్లో ఛత్తీస్‌గఢీ పాట మోగక తప్పని రోజులవి. ఆ పాటలకు మూలపురుషులనదగిన వారిలో ఒకడు సరిగ్గా ఆ కోలాహలం మధ్యనే వెళ్ళిపోయాడు. సంతాపాలు వెలువడ్డాయి, మైకులు ఆగలేదు. ఎన్నికల వేళ మరణించిన కవికి ఇంతకు మించిన గౌరవం ఏ రాష్ట్రంలోనూ దక్కదు కనుక దీన్ని ప్రత్యేకించి ఛత్తీస్‌గఢ్ తప్పుగా ఎంచనవసరం లేదు.

మస్తూరియా రాసి, స్వయంగా పాడిన ‘మోర్ సంగ్ చలవ్ రే’ ఆ ప్రాంతంలో దాదాపు ప్రతి గడపకూ తెలిసిన పాట. పల్లె బాణీకి హార్మోనియం, తబలా చేర్చి ఖుమాన్ సావ్ స్వరపరచినది. రంగస్థలం నుంచి రేడియోకు, రేడియో నుంచి క్యాసెట్టుకు, క్యాసెట్టు నుంచి చేతిఫోనుకు అది అర్ధశతాబ్దంగా ప్రయాణిస్తూనే ఉంది. మాటకు మాట తెలుగు చేస్తే ‘నాతో కలిసి నడవండి’ అని అర్థం. పిలుపు ఎవరికి అన్నదే ఇందులోని విశేషం. పడిపోయినవారిని, అలసి ఆగిపోయినవారిని, జనం పక్కకు నెట్టేసినవారిని పేరుపేరునా పిలుస్తుందది. రండి, ఈ మామిడితోపు నీడలో కాసేపు సేదదీరండి అంటుంది.

దీన్ని ఒంటరితనపు పాట అంటే ఛత్తీస్‌గఢీ శ్రోతలు కొందరు అభ్యంతరపెట్టవచ్చు. ఉద్యమగీతమనీ, మేల్కొలుపు అనీ, మాతృభూమి కీర్తన అనీ వారికి వారి కారణాలున్నాయి. అయితే నడిచే సమూహంలో ఉన్నవాణ్ని ‘నడువు’ అని ఎవరూ పిలవరు. వెనక పడిపోయినవాడికే ఆ పిలుపు అవసరం. 1905లో వంగ విభజన వ్యతిరేకోద్యమ కాలాన రవీంద్రుడు రాసిన ‘ఏక్లా చలో రే’ దేశమంతటికీ తెలుసు. నౌఖాళీలో గాంధీజీ నడకకు అది తోడైంది. ఎవరూ రాకపోతే ఒంటరిగానే సాగిపొమ్మని నాయకుడికి ధైర్యం చెప్పే పాట అది. మస్తూరియా పాట సరిగ్గా ఆ దారికి రెండో కొసన నిలుచుంది. ముందుకు సాగిపోయిన ధీరుడి ఒంటరితనం దీనికి పట్టలేదు. వాడి వెనక దుమ్ములో కూలబడి, కాళ్ళు సాగక ఉండిపోయినవాడి ఒంటరితనమే దీనికి వస్తువు. మన సాహిత్యంలో మొదటి రకం ఒంటరితనానికి దక్కిన ప్రతిష్ఠ రెండోదానికి దక్కలేదు.

ఈ పాట ఎక్కడ పుట్టిందో తెలిస్తే దాన్ని విన్నవారి, వినలేకపోయినవారి కథ అర్థమవుతుంది. దుర్గ్ పట్టణానికి చేరువలో బఘేరా అనే గ్రామముంది. ఆ గ్రామపు భూస్వామి రామచంద్ర దేశ్‌ముఖ్ 1971 నవంబరు 7న అక్కడ ‘చందైనీ గోందా’ అనే సంగీత ప్రదర్శనను తొలిసారి వేదిక ఎక్కించారు. గోందా అంటే బంతిపువ్వు. ‘నాచా’ అనే పల్లె నాటకపు కథనాన్ని, పండుగ పాటలను, కొత్త కవులు రాసిన గీతాలను గుదిగుచ్చి ఒక రైతు బ్రతుకును చెప్పిన ప్రదర్శన అది. ఊళ్ళ జనం బళ్ళు కట్టుకుని వచ్చి తెల్లవార్లూ చూసేవారు. భూస్వామి పెట్టుబడితో రైతు దుఃఖం వేదిక ఎక్కిందని ముక్కు విరిచేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. తెలుగునాట జమీందార్ల పోషణలో వర్ధిల్లిన నాటక సమాజాల చరిత్ర తెలిసినవారికి ఇందులో వింతేమీ తోచదు. ఎవరి సొమ్ముతో పాడినా, ఆ పాట చేరవలసిన చోటికి చేరింది.

బఘేరా నుంచి చూస్తే తూర్పు దిక్కున కొద్ది కిలోమీటర్ల దూరంలో భిలాయి ఉక్కు కర్మాగారం. 1955 ఫిబ్రవరిలో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం మేరకు పది లక్షల టన్నుల సామర్థ్యంతో నిర్మాణం మొదలై, 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా తొలి బ్లాస్ట్ ఫర్నెస్ ప్రారంభమైంది. దేశపు రైలుపట్టాలకు పుట్టిల్లు అది. పొలాలూ చెరువులూ ఊళ్ళూ ఉన్న నేల మీద అంకెలతో సెక్టార్లు వెలిశాయి. ప్రతి సెక్టారులో బడి, బజారు, వరుస తీరిన క్వార్టర్లు. నెహ్రూ కాలపు ఆశ ఎలా ఉండేదో చూడదలచినవారికి భిలాయి వీధులు ఇప్పటికీ ఒక పాఠ్యపుస్తకమే.

స్థానిక రైతులు మొదట్లో ఈ కర్మాగారాన్ని నమ్మలేదు. కొలిమి నిలబడాలంటే నరబలి కావాలనీ, పిల్లలను ఎత్తుకుపోయి పునాదుల్లో వేస్తున్నారనీ వదంతులు వ్యాపించాయి. 1990ల నుంచి ఏళ్ళ తరబడి భిలాయిలో పరిశోధన సాగించిన బ్రిటిష్ మానవశాస్త్రవేత్త జొనాథన్ ప్యారీ ఈ వదంతుల మీదే ఒక వ్యాసం రాశారు. ఉక్కులోకి వెళ్ళడానికి భూమిపుత్రులు జంకిన ఆ తొలి ఏళ్ళలో పంజాబు నుంచి, బెంగాలు నుంచి, కేరళ నుంచి, ఆంధ్ర నుంచి మనుషులు దిగారు. తమ భూమిలో వెలసిన పట్టణంలో తామే ఆఖరి వరుసకు చేరామని ఛత్తీస్‌గఢీ రైతుకు అర్థమయ్యేసరికి ముందు వరుసలు నిండిపోయాయి. వచ్చినవారికి వారు పెట్టిన పేరు ‘పర్‌దేశియా’. 1971లో బఘేరా మైదానంలో పడిపోయినవారిని పిలుస్తూ ఒక గొంతు లేచినప్పుడు, ఎదుట కూర్చున్నవారికి ఆ మాటల అర్థం ఎవరూ విడమరచి చెప్పనక్కరలేకపోయింది. ఆకాశవాణి రాయపూర్ కేంద్రం 1963 నుంచే పనిచేస్తోంది. గ్రామీణ కార్యక్రమాల వేళ రేడియో చుట్టూ మూగినవారికి ఆ గొంతు త్వరలోనే ఇంటి మనిషి గొంతయింది.

ఇక పర్‌దేశియాల సంగతి. వారిలో తెలుగువారిది చిన్న సంఖ్య కాదు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి రాయగడ, టిట్లాగఢ్‌ల మీదుగా రాయపూర్ చేరే రైలుమార్గం వారి వలసకు రాజమార్గమైంది. చదువుకున్నవారు సెక్టార్లలో, చదువు లేనివారు కర్మాగారం గోడను ఆనుకుని పెరిగిన ఖుర్సీపార్ వంటి బస్తీలలో స్థిరపడ్డారు. నాయకుల పాదయాత్రలు ఇచ్ఛాపురంలో ముగియడం మన రాజకీయాలలో ఆనవాయితీ. 2003లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి చేవెళ్ళలో మొదలుపెట్టి అక్కడే ముగించారు. 2019 జనవరిలో ఆయన కుమారుడూ ఇడుపులపాయ నుంచి వచ్చి అక్కడే ముగించారు. నాయకులు నడక చాలించే ఆ జిల్లా నుంచే సామాన్యులు నడక మొదలుపెట్టి అరవై ఏళ్ళు దాటిందన్న సంగతిని ఆ స్తూపాల మీద ఎవరూ చెక్కలేదు.

సెక్టారు క్వార్టరులో ఉన్న ఒక తెలుగు కుటుంబం డెబ్బైలలో ఈ పాటను ఎలా విని ఉంటుందో ఊహించడం కష్టం కాదు. విని ఉండదు. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, తండ్రి నోట ఇంజనీర్ల ఇంగ్లీషు, అప్పుడప్పుడూ రష్యన్ నిపుణుల నుంచి అంటిన ఒకటి రెండు మాటలు. ఛత్తీస్‌గఢీ మాత్రం అంట్లు తోమే మనిషి భాష, కూరగాయల గంప దించే మనిషి భాష. రాత్రిపూట రేడియో సిలోను, గాలి అనుకూలిస్తే విజయవాడ. పెరట్లో ఆ పనిమనిషి తన పాటికి తాను ఏదో కూనిరాగం తీస్తుంది. చెవిన పడుతుంది, మనసున పడదు. ఒకవేళ ఆ ఇంటి పిల్లవాడి చెవిన పల్లవి పడినా, ‘చలవ్’ అన్నది వాడికి ‘చలవ’ అని వినిపించి ఉంటుంది. భిలాయి ఎండలకు, కొలిమి దగ్గరి వేడికి అది తగని మాటేమీ కాదు. విచిత్రమేమిటంటే ఆ తప్పు వినికిడి అర్థానికి దూరమూ పోలేదు, మామిడితోపు నీడ పాటలోనే ఉంది. ‘సంగ్’ అన్నది మన సంగాతమే, సంగడే. రెండు మాటల పల్లవిలో ఒకటి బంధువు, ఇంకొకటి పొరపాటున బంధువైంది. అయినా ఆ బంధుత్వం కలవడానికి నలభై ఏళ్ళు పట్టింది.

ఉక్కునగరం తన మనుషులను రెండుగా చీల్చిన తీరును ప్యారీ రెండు హిందీ మాటలలోనే పట్టుకున్నారు. ఒకటి ‘నౌకరీ’, రెండోది ‘కామ్’. మొదటిది కర్మాగారంలో పర్మినెంటు కొలువు. క్వార్టరు, ఆసుపత్రి, పిల్లల బడి, పింఛను ఆధారం, పెళ్ళిసంబంధాలలో పరువు అన్నీ దానితో వస్తాయి. రెండోది పని మాత్రమే. కాంట్రాక్టరు పిలిస్తే ఉంటుంది, లేకుంటే లేదు. అదే కొలిమి, అదే వేడి, అదే దుమ్ము, కొన్నిసార్లు అంతకన్నా ప్రమాదకరమైన మూల. 1980ల చివర గనులతో కలిపి అరవై వేలు దాటిన పర్మినెంటు ఉద్యోగుల సంఖ్య తరువాతి పాతికేళ్ళలో సుమారు సగానికి పడిపోయింది, ఆపైన కూడా తగ్గుతూనే వచ్చింది. ఉత్పత్తి తగ్గలేదు. అంటే పని పోలేదు, నౌకరీ పోయింది. దేశమంతటా జరిగినదే భిలాయిలో వరుస ఇళ్ళ రూపంలో కంటికి కనిపించింది, అంతే.

ఇందులో ఒక సంగతి దగ్గర ఆగాలి. దుర్గ్–భిలాయి కొన్నేళ్ళపాటు దేశంలో ఆత్మహత్యల రేటు మిక్కిలి హెచ్చుగా ఉన్న నగరాల జాబితాలో ముందు వరుసన నిలిచింది. ఏమీ లేనివాడు, రేపటి కూలికి భరోసా లేని కాంట్రాక్టు కార్మికుడు ముందు కూలిపోయి ఉంటాడని ఎవరైనా అనుకుంటారు. ప్యారీ 2012 నాటి తన అధ్యయనంలో చూపినది వేరు. అధిక భాగం భారం పడినది సాపేక్షంగా భద్రత ఉన్న ఉక్కు ఉద్యోగుల కుటుంబాల మీద. తండ్రికి దక్కిన నౌకరీ కొడుకుకు దక్కని ఇంట, చదువుకున్న యువకుడు గేటు వెలుపల కామ్‌లో చేరడానికి తలవంపు పడి, నౌకరీ పిలుపు కోసం ఎదురుచూస్తూ ముప్పై దాటే ఇంట, ఒకరి బాధ ఒకరికి చెప్పుకోలేని నిశ్శబ్దం పేరుకుంది. బస్తీలో గోడలు పలచన, పక్కింటి పోరు ఇటు వినిపిస్తుంది, ఇటు ఏడుపు అటు వినిపిస్తుంది. క్వార్టరు గోడలు మందం. ప్రభుత్వం కట్టించిన మంచి గోడలు అవి. మనోవ్యథను కారణాల పట్టికగా మార్చే హక్కు రాజకీయ వ్యాఖ్యానానికి లేదు కనుక ఇంతకు మించి చెప్పడం తగదు. అయితే ‘పడిపోయినవారు’ అన్న మాటకు 1971లో బఘేరా శ్రోత ఇచ్చుకున్న అర్థంలో సెక్టారువాడు లేడు. తరువాతి కాలంలో ఆ మాట సెక్టారు గుమ్మం కూడా ఎక్కింది.

జానపదంలో ఒంటరితనం ఎప్పుడూ ఉన్నదే. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో దీపావళి ముందు రోజులలో ఆడవారు వెదురుబుట్టలో మట్టి చిలుకను పెట్టుకుని, చుట్టూ తిరుగుతూ చప్పట్లు చరుస్తూ ‘సువా’ పాటలు పాడతారు. మన చిలుక రాయబారం వంటిదే, బతుకమ్మ ఆటకు దూరపు చుట్టమే. అత్తింట ఎవరితోనూ చెప్పుకోలేని మాటలన్నీ చిలుకతో చెప్పుకోవడం అందులోని పద్ధతి. ఆడపుట్టుక మీది విసుగు, దూరమైన పుట్టిల్లు, పొలిమేర దాటిన మగడు అన్నీ చిలుకకు తెలుసు. ఇదే అత్తింటి వస్తువున్న మరో ఛత్తీస్‌గఢీ పాటను రాయపూర్ ఆకాశవాణి ద్వారా జోషి సోదరీమణులు డెబ్బైలలోనే ప్రచారంలోకి తెచ్చారు. 2009లో ‘ఢిల్లీ–6’ సినిమాలో ‘ససురాల్ గేందా ఫూల్’గా దేశం దాన్ని విన్నది, పెళ్ళిళ్ళలో గంతులు వేసింది. బొంబాయి తబ్బిబ్బై విన్నది అత్తింటి సరదాను. పాటలో కొత్త కోడలి బెంగ కూడా ఉందని, అసలు రచయితకూ స్వరకర్తకూ దక్కవలసిన పేరు దక్కలేదని దుర్గ్, రాయపూర్‌లలో వినవచ్చిన ఫిర్యాదు ఆ నృత్యపు హోరులో కలిసిపోయింది. పాట ఊరు దాటేటప్పుడు ముందుగా జారవిడిచే సామాను దుఃఖమే కాబోలు.

మస్తూరియా పాటకు అలాంటి గతి పట్టలేదు, దానికి పట్టినది వేరే గతి. దాన్ని రాజకీయం విన్నది.

‘నాతో’ అన్న మాట ఎవరిది? పాటలో దానికి జవాబు స్పష్టంగా లేదు, అదే దాని బలం. నేలతల్లి కావచ్చు, పక్కన కూలబడ్డ సాటి కూలి కావచ్చు, ఊరి చివర చెట్టు కావచ్చు. నాయకుడి చెవికి మాత్రం అందులో ఒకే అర్థం వినబడుతుంది, తానే. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడింది. తెలంగాణ వలె దశాబ్దాల ఉద్యమం, బలిదానాలు, ఊరూరా ధూంధాంల వెనువెంట వచ్చిన రాష్ట్రం కాదది. ఝార్ఖండ్, ఉత్తరాంచల్‌లతో కలిపి కేంద్రం ఒకే పొట్లంలో ఇచ్చింది. ఉద్యమపు జ్ఞాపకం పలచగా ఉన్న రాష్ట్రానికి ఆత్మగౌరవం కోసం పాటలు మరీ అవసరమయ్యాయి. నేతలు మారినా, జెండాలు మారినా, వేదిక మీద ‘ఛత్తీస్‌గఢియా’ అన్న మాట మారలేదు. 2019 నవంబరులో నరేంద్రదేవ్ వర్మ రాసిన ‘అర్పా పైరీ కే ధార్’ రాష్ట్రగీతమైంది. ఆయన నాటి ముఖ్యమంత్రి భూపేశ్ బఘేల్‌కు మామగారు. పాట దానికదిగా యోగ్యమైనదే, ప్రజలు ముందే మెచ్చినదే. బంధుత్వం కారణంగా దాన్ని తక్కువ చేయడం అన్యాయం, ఆ ప్రస్తావన లేకుండా దాటేయడం పాత్రికేయం కాదు. నదులను, కొండలను కీర్తించే పాట రాష్ట్రగీతానికి సరిపోతుంది. పడిపోయినవారిని పిలిచే పాట ప్రభుత్వ కార్యక్రమం మొదట్లో పాడితే ఇబ్బంది. పడిపోయినవారు ఎవరు, పడదోసినది ఎవరు అన్న ప్రశ్న ముందు వరుస కుర్చీల వైపు చూస్తుంది.

ఆ ప్రశ్నను భిలాయిలో పాటగా కాక పనిగా అడిగినవాడు శంకర్ గుహా నియోగి. బెంగాలు నుంచి వచ్చి, ఇదే ఉక్కు కర్మాగారంలో పనిచేసి, కొలువు పోగొట్టుకుని, భిలాయి కొలిములకు ఇనుపరాయి పంపే దల్లీ–రాజహరా గనుల కాంట్రాక్టు కార్మికులను 1977లో సంఘటితం చేశారు. మద్యానికి వ్యతిరేకంగా కదిలించారు, కార్మికుల చందాలతో ఆసుపత్రి నిలిపారు, 1857లో రాయపూర్‌లో ఉరికంబమెక్కిన సోనాఖాన్ జమీందారు వీర నారాయణ్ సింగ్‌ను ఊరూరా జ్ఞాపకం చేశారు. అదే వీరుడి మీద మస్తూరియా ‘సోనాఖాన్ కే ఆగీ’ రాశారు. ఇద్దరూ ఒకే జ్ఞాపకాన్ని రెండు వైపుల నుంచి తవ్వారు. నియోగి సంఘానికి తన సొంత పాటగాడు ఫాగూరామ్ యాదవ్ ఉన్నాడు, కొత్త పాటలున్నాయి. చివరకు ఆయన భిలాయి ప్రైవేటు పరిశ్రమల కాంట్రాక్టు కూలీల వైపు తిరిగారు. 1991 సెప్టెంబరు 28 తెల్లవారుజామున, హడ్కో కాలనీలోని ఇంట్లో, ఒంటరిగా నిద్రిస్తుండగా కిటికీలోంచి కాల్చి చంపారు. మరుసటి ఏడాది జూలై 1న భిలాయి పవర్‌హౌస్ స్టేషను పట్టాల మీద కూర్చున్న కార్మికులపై పోలీసు కాల్పులు జరిగి పలువురు ప్రాణాలు విడిచారు. వారు కూర్చున్నది భిలాయిలో తయారైన పట్టాల మీదే అయి ఉండే అవకాశం ఎక్కువ. సెక్టార్లలో ఆ రోజు షిఫ్టులు యథావిధిగా మారాయి. పర్మినెంటు కార్మికుల గుర్తింపు సంఘాలకూ, గేటు వెలుపలి సంఘానికీ మధ్య ఉన్న దూరం నౌకరీకీ కామ్‌కూ ఉన్న దూరమే. తెలుగువారు గోడకు రెండు వైపులా ఉన్నారు. లోపలి తెలుగువాడికి వెలుపలి తెలుగువాడి కంటే లోపలి మలయాళీయే దగ్గరయ్యాడు. భాషాబంధం గురించి ఉగాది సభలలో ఎంత చెప్పుకున్నా, ఈ ఒక్క సంగతి ముందు ఆ ఉపన్యాసాలు నిలవవు.

కవి స్వయంగా ఓటు అడిగిన సందర్భం ఒకటుంది. 2014 లోక్‌సభ ఎన్నికలలో మస్తూరియా ఆమ్ ఆద్మీ పార్టీ తరఫున మహాసముంద్ నుంచి పోటీ చేశారు. ఆ నియోజకవర్గం ఆ ఏడాది వేరే కారణానికి వార్తకెక్కింది. భాజపా అభ్యర్థి చందూలాల్ సాహు పేరుతోనే మరికొందరు చందూలాల్‌లు, చందూరామ్‌లు బరిలో నిలిచి ఓటరును తికమక పెట్టారు. అంత తికమకలోనూ అసలు చందూలాల్ 1,217 ఓట్ల తేడాతో అజిత్ జోగీని ఓడించారు. ఒకే పేరున్న మనుషుల గుంపు, ఒక మాజీ ముఖ్యమంత్రి, వారి నడుమ రాష్ట్రమంతా ఎరిగిన పేరు ఒక్కటే ఉన్న కవి. ‘నాతో నడవండి’ అన్న పిలుపును నలభై ఏళ్ళుగా గొంతు కలిపి పాడినవారు ఆ పిలుపు బ్యాలెట్టు యంత్రం మీద ఎదురైనప్పుడు పక్క బొత్తాం నొక్కారు. ఇందులో కృతఘ్నత లేదు. శ్రోత ఓటరు కంటే తెలివైనవాడు కావచ్చు, ఓటరు శ్రోత కంటే లౌక్యుడు కావచ్చు, ఇద్దరూ ఒకే మనిషి. పాటలోని ‘నేను’ ఒక అభ్యర్థిగా మారిన క్షణాన పాట తన నీడను కుదించుకుంది. మామిడితోపు కింద ఎందరైనా కూర్చోవచ్చు, గుర్తు కింద ఒక పార్టీయే కూర్చోగలదు. కవి ఈ తేడాను ఎరుగక పోటీ చేశారని అనుకోవడం ఆయనను తక్కువ చేయడమే. ఎరిగీ చేసి ఉంటారు. గెలిచే అవకాశం లేని చోట నిలబడటం ఆ పాట రాసినవాడికి కొత్తేమీ కాదు.

తెలుగు పాఠకులకు ఇదంతా మరీ పరాయిగా తోచనక్కరలేదు. గోరటి వెంకన్న రాసిన పల్లె కన్నీటి పాట 2002లో ‘కుబుసం’ సినిమా ద్వారా ఊరూరా మారుమోగింది. కుమ్మరి, కమ్మరి, సాలె, చేతివృత్తుల మనుషులు ఒక్కొక్కరే ఖాళీ అయిపోతున్న ఊరి ఒంటరితనాన్ని అంతగా పట్టుకున్న పాట మరొకటి లేదు. ఆ ఊళ్ళను ఖాళీ చేసిన విధానాలను ఆమోదించిన పార్టీల సభల్లోనే ఆ పాట మోగింది, నాయకులు తలలూపారు, కొందరు కళ్ళు తుడుచుకున్నారు. పదవి వచ్చాక ఉద్యమకాలపు గాయకుడు అపాయింట్‌మెంటు దొరకని సందర్శకుడు కావడం హైదరాబాదూ చూసింది, రాయపూరూ చూసింది. కాకపోతే తెలంగాణలో పాట ముందు నడిచి రాష్ట్రం వెనక వచ్చింది. ఛత్తీస్‌గఢ్‌లో రాష్ట్రం ముందు వచ్చి పాటను వెనక్కి వెళ్ళి వెతుక్కుంది.

ఉక్కునగరపు తెలుగు శ్రోత ఈ పాటను విన్నది ఆలస్యంగా. అరవై నిండిన రోజున సన్మానం, శాలువా, గోడ గడియారం లాంటి ఒక జ్ఞాపిక. ఆ తరువాత గడువు లోపల క్వార్టరు అప్పగించాలి. పిల్లలు పుణెలోనో బెంగళూరులోనో ఇంకా దూరాననో ఉంటారు. సొంత ఊరు పేరుకు శ్రీకాకుళం జిల్లాలో ఉంటుంది, అక్కడ పలకరించే తరం పోయింది. విశాఖకు ఇప్పుడు దుర్గ్ నుంచి వందే భారత్ ఉంది, 2024 సెప్టెంబరులో మొదలైంది, పగటిపూటే చేరుస్తుంది. చేరాక ఏమిటన్నదానికి రైల్వేల దగ్గర జవాబు లేదు. అందుకే చాలామంది వెళ్ళరు. భిలాయిలోనే, సెక్టార్ల గీత దాటి, ఏ కొత్త కాలనీలోనో చిన్న ఇల్లు కట్టుకుని ఉండిపోతారు. ఆ కాలనీకి సెక్టారు అంకె ఉండదు, పాత ఊరి పేరు ఉంటుంది. పక్కింటివాడు ఛత్తీస్‌గఢీ సాహు, ఎదురింటివాడు సత్నామీ. నలభై ఏళ్ళు అదే పట్టణంలో ఉండి నేర్చుకోని భాష అప్పుడు, చెరువు గట్టున సాయంత్రం నడకలో, మోకాళ్ళ నొప్పుల సంభాషణలో నోటికి వస్తుంది.

కర్మాగారం గేటు బయట ఉదయం ఆరింటికి కాంట్రాక్టు కూలీలు సైకిళ్ళు ఆన్చి నిలబడతారు. టీ కొట్టువాడి ఫోనులో ఏదో ఒక పాట మోగుతూ ఉంటుంది. ఒక్కోరోజు అది మస్తూరియాది. గేటుపాసు చూపినవారు చూపినట్టు లోపలికి వెళతారు. ఆ పూట పేరు పిలవనివారు ఇద్దరో ముగ్గురో మిగులుతారు, రెండో చరణం దాకా టీ తాగుతారు, సైకిళ్ళు తిప్పుకుని ఖుర్సీపార్ వైపు కలిసి పోతారు.